సరోగసీ, ఐవీఎఫ్, దాతలు: తప్పొప్పుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లకు, అండం ఇవ్వమనో గర్భం మోయమనో ఎవరైనా అడిగినవాళ్లకు వైద్యం గురించిన సమాచారం కొద్దో గొప్పో దొరుకుతుంది. ‘అసలు ఇలా చేయడం సరైనదేనా?’ అన్న ప్రశ్న దగ్గరకొచ్చేసరికి డాక్టరుకు టైం ఉండదు, చుట్టాలకు ఓపిక ఉండదు. అలాంటి ప్రశ్నలే ఇక్కడున్నాయి. జవాబులన్నిటికీ నేను వాడిన కొలబద్ద ఒక్కటే: ఈ ఏర్పాటులో ‘వద్దు’ అనగలిగేది ఎవరు, అలా అన్నందుకు నష్టపోయేది ఎవరు?

ఏఆర్‌టీ అంటే ఏమేమిటి? సరోగసీ అందులో భాగమేనా?

అండాలను, పిండాలను శరీరం బయటికి తెచ్చి చేసే సంతాన చికిత్సలను సహాయక పునరుత్పత్తి పద్ధతులు అంటారు. వాడుకలో ఏఆర్‌టీ. ఐవీఎఫ్ (ల్యాబ్‌లో అండాన్ని, వీర్యాన్ని కలిపి, తయారైన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం), ఇక్సీ (ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపడం), అండాలు, పిండాలు ఫ్రీజ్ చేయడం, దాతల నుంచి అండం తీసుకోవడం ఇందులోకి వస్తాయి. దాత వీర్యం వాడకాన్ని, సరోగసీని (వేరొకరి కోసం గర్భం మోసి బిడ్డను కని ఇవ్వడాన్ని) కూడా మామూలుగా వీటితో కలిపే మాట్లాడుకుంటారు.

ఐవీఎఫ్‌తో పుట్టిన మొదటి బిడ్డ లూయీస్ బ్రౌన్. 1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో పుట్టింది. ఆ పని చేసిన ముగ్గురిలో రాబర్ట్ ఎడ్వర్డ్స్‌కు 2010లో నోబెల్ బహుమతి వచ్చింది. డాక్టర్ ప్యాట్రిక్ స్టెప్టో, ల్యాబ్‌లో ఆ పిండాన్ని కంటికి రెప్పలా చూసుకున్న జీన్ పర్డీ అప్పటికే చనిపోయారు. లూయీస్ పుట్టిన రెండు నెలల చిల్లరకు, అక్టోబరు 3న, కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో మరో బిడ్డ పుట్టింది. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత గానీ ఆయన పనికి గుర్తింపు రాలేదు.

ఇదంతా ప్రకృతికి విరుద్ధం కాదా?

సిజేరియన్ కూడా ప్రకృతిలో లేదు. ఇంక్యుబేటర్ కూడా లేదు. ‘ప్రకృతి విరుద్ధం’ అన్న ఒక్క ముక్కతో ఏ చికిత్సా తప్పయిపోదు, ఒప్పూ అయిపోదు. ఎవరికి హాని జరుగుతోంది, ఎవరి ఇష్టం అడగలేదు అన్నవి చూడాలి.

పిల్లలు లేనివాళ్లు దత్తత తీసుకోవచ్చు కదా?

తీసుకోవచ్చు. తీసుకుంటున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఈ ప్రశ్న పిల్లలు కలగనివాళ్లనే ఎందుకు అడుగుతామో ఒకసారి ఆలోచించండి. మామూలుగా రెండో బిడ్డను కంటున్నవాళ్లను ‘అనాథ పిల్లలున్నారు కదా, మళ్లీ కనడం ఎందుకు?’ అని ఎవరూ నిలదీయరు. దత్తత మంచి పని అయితే అందరికీ మంచి పనే. అనారోగ్యం ఉన్నవాళ్ల మీద మాత్రమే దాన్ని బాధ్యతగా పెట్టడం న్యాయం కాదు.

అలాగని ‘నా రక్తం’ అన్న కోరికకు హద్దే లేదని కాదు. ఆ కోరిక నిజమైనదే, బలమైనదే. ఎంత బలమైనదైనా, అది తీర్చడానికి మరొకరి శరీరం కావాలన్నప్పుడు ఆ మనిషి షరతులు మొదట రావాలి.

సరోగసీలో ఎన్ని రకాలు?

రెండు. మొదటిదాంట్లో బిడ్డను మోసే స్త్రీ అండమే వాడతారు, అంటే జన్యుపరంగా కూడా ఆమే తల్లి. రెండోదాంట్లో అండం ఆమెది కాదు. పిండం ల్యాబ్‌లో తయారై ఆమె గర్భాశయంలోకి వస్తుంది. ఇప్పుడు ఎక్కువ దేశాల్లో క్లినిక్‌లు చేసేది రెండోదే.

ఈ మార్పుకు ఒక కారణం అమెరికాలోని ‘బేబీ ఎం’ కేసు. 1986లో న్యూజెర్సీలో పుట్టిన ఆ పాపను, ఒప్పందం ప్రకారం ఇచ్చేయడానికి మోసిన తల్లి ఒప్పుకోలేదు. ఆ పాప ఆమె అండం నుంచి పుట్టిన బిడ్డే. 1988లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు డబ్బుకు చేసుకున్న ఆ ఒప్పందం చెల్లదని తేల్చింది. పాపను తండ్రి దగ్గరే ఉంచి, తల్లికి తల్లి హోదా, చూసే హక్కు ఇచ్చింది. అండం ఆమెది కాకపోతే ఇలాంటి గొడవలు రావని చాలామంది లాయర్లు, క్లినిక్‌లు అనుకున్నారు. కొంతవరకే నిజం. గొడవ జన్యువుల దగ్గర ఆగిపోదు, తొమ్మిది నెలలు మోయడం కూడా ఒక సంబంధమే.

గర్భం మోసినందుకు డబ్బు ఇవ్వడం తప్పా?

ఈ మొత్తం చర్చలో నిప్పు రాజుకునేది ఇక్కడే.

తప్పు అనేవాళ్ల వాదన: పేదరికంలో ఉన్న స్త్రీ ‘నా ఇష్టంతోనే’ అంటున్నా, ఆ ఇష్టాన్ని అవసరం నడిపిస్తోంది. అప్పులు లేకపోతే ఆమె ఈ పనికి ఒప్పుకునేదా? పైగా డబ్బు చేతులు మారితే బిడ్డ సరుకైపోతుంది, గర్భాశయం యంత్రమైపోతుంది.

తప్పు కాదనేవాళ్ల వాదన: గనుల్లో దిగేవాళ్లు, ఎత్తైన భవనాల మీద పనిచేసేవాళ్లు కూడా అవసరం కోసమే శరీరాన్ని పణంగా పెడుతున్నారు. వాళ్లకు కూలి ఇవ్వొద్దని ఎవరూ అనరు. డాక్టరుకు ఫీజుంది, లాయరుకు ఫీజుంది, ఏజెన్సీకి కమీషనుంది. అందరికంటే ఎక్కువ భారం మోసిన ఒక్క మనిషే ‘త్యాగం’ పేరుతో ఊరికే చేయాలా?

నాకు రెండో వాదనలోని చివరి ముక్క చాలా గట్టిది అనిపిస్తుంది. ఉచితంగా చేయించుకోవడం దానంతట అది పవిత్రమైపోదు. డబ్బు లేని సరోగసీ చాలాసార్లు కుటుంబం లోపలే జరుగుతుంది. అక్కో, చెల్లెలో, వదినో. అక్కడ ఒత్తిడి కాగితం మీద కనబడదు. ‘నీకు ఇద్దరున్నారు, వాళ్లకు ఒక్కరూ లేరు, ఆ మాత్రం చేయలేవా?’ అని అత్తగారు అంటే ‘వద్దు’ అనడం, ఏజెన్సీకి ‘వద్దు’ అనడం కంటే కష్టం. ఏజెన్సీతో సంబంధం తెగిపోయినా ఫర్వాలేదు. కుటుంబంతో అలా కాదు.

కానీ డబ్బు ఇచ్చేస్తే అన్నీ సరిపోతాయన్న మాటా నేను ఒప్పుకోను. ఆ డబ్బు ఎప్పుడు ఇస్తున్నారు? బిడ్డ చేతికొచ్చాకే మొత్తం ఇస్తే అది బిడ్డకు కట్టిన ధర అవుతుంది. నెలనెలా ఇస్తూ, గర్భం నిలవకపోయినా అప్పటివరకు చేసినదానికి లెక్క కడితే అది శ్రమకు ఇచ్చిన ప్రతిఫలం అవుతుంది. గర్భస్రావం అయితే చేతిలో పైసా పడని ఒప్పందాలు, మధ్యవర్తే సగం మింగేసే ఒప్పందాలు, ఆమెకు రాని భాషలో రాసిన ఒప్పందాలు... వీటిని దోపిడీ అనక తప్పదు.

ఆమె ఆరోగ్యానికి ప్రమాదాలు ఎంతవరకు?

‘ఇంతకుముందు సుఖంగా కాన్పయింది కదా, ఇదీ అంతే’ అనే మాట నమ్మొద్దు. వేరొకరి అండంతో వచ్చిన పిండాన్ని మోసేటప్పుడు, గర్భంతో వచ్చే బీపీ సమస్యలు మామూలు గర్భం కంటే ఎక్కువ. కెనడాలోని ఆంటారియో ప్రావిన్సులో 2012–2021 మధ్య జరిగిన కాన్పులను పరిశీలించి 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. తీవ్రమైన ప్రసూతి సమస్యలు, అంటే ప్రాణాపాయం దాకా వెళ్లే రక్తస్రావం, బీపీ, ఇన్ఫెక్షన్ లాంటివి, సహజంగా గర్భం వచ్చినవాళ్లలో 2.3 శాతం. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లలో 4.3 శాతం. సరోగేట్ తల్లుల్లో 7.8 శాతం. అది కూడా వైద్యం అందరికీ అందే చోట.

చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి కవలలు. ‘ఒకే ఖర్చుతో ఇద్దరు’ అని రెండు పిండాలు పెట్టించుకునేవాళ్లున్నారు. కవల గర్భంలో నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ ఉండటం, తల్లికి రక్తస్రావం, అన్నీ పెరుగుతాయి. బ్రిటన్‌లో 1990లలో ఐవీఎఫ్ కాన్పుల్లో 28 శాతం దాకా ఒకరికంటే ఎక్కువమంది పిల్లలు పుట్టేవారు. ఒకసారికి ఒకే పిండం పెట్టడాన్ని ప్రోత్సహించాక 2019 నాటికి అది 6 శాతానికి దిగింది. తన బిడ్డ కోసం ఆ రిస్కు తీసుకోవడం ఒక సంగతి. ఇంకొకరి ఖర్చు కలిసొస్తుందని మరో స్త్రీ శరీరం మీద ఆ రిస్కు పెట్టడం ఏ రకంగానూ సమర్థించలేనిది.

గర్భంతో ఉన్నప్పుడు నిర్ణయాలు ఎవరివి? డబ్బు పెట్టినవాళ్లవా, మోస్తున్నామెవా?

మోస్తున్నామెవి. అబార్షన్, సిజేరియన్, స్కాన్‌లో లోపం కనబడితే ఏం చేయాలి, ఏ మందు వేసుకోవాలి, అన్నీ ఆమె శరీరం మీద జరిగేవే. బిడ్డ తల్లిదండ్రులు కాబోయేవాళ్లకు సమాచారం తెలుసుకునే హక్కు ఉండొచ్చు, మాట చెప్పే చోటు ఉండొచ్చు. సంతకం చేసే కలం మాత్రం ఆమె చేతిలోనే ఉండాలి.

ఆహారం, ప్రయాణాలు, భర్తతో సంబంధం దాకా అన్నిటికీ షరతులు పెట్టే ఒప్పందాలు, తొమ్మిది నెలలూ హాస్టల్ లాంటి చోట ఉంచి పిల్లల్ని కూడా వారానికోసారి చూడనిచ్చే ఏర్పాట్లు ఉన్నాయి. శ్రద్ధ పేరుతో చేసే నిఘా అది. ఆమె మీద అంత నమ్మకం లేనివాళ్లు ఆమెకు తమ బిడ్డను ఎలా అప్పగిస్తున్నారో నాకు అర్థం కాదు.

ఈ పని చేయాలనుకునేవాళ్లు ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి. లోపం ఉన్న బిడ్డ అని తెలిస్తే గర్భం కొనసాగించాలా వద్దా అన్న దాని మీద ఇరువైపులా అభిప్రాయం కలవకపోతే, ఆ ఇద్దరూ ఈ పని కలిసి చేయకూడదు. అయిదో నెలలో తేల్చుకునే విషయం కాదది.

మనసు మారితే? ఆమె బిడ్డను ఇవ్వనంటే, లేదా బిడ్డ కావాలన్నవాళ్లే మాకొద్దంటే?

మొదటిదానికి దేశాలు రెండు దారుల్లో వెళ్లాయి. బ్రిటన్‌లో కన్న స్త్రీయే చట్టం దృష్టిలో తల్లి. బిడ్డ పుట్టి ఆరు వారాలు దాటాక ఆమె ఇచ్చిన అంగీకారంతోనే కోర్టు తల్లిదండ్రుల హోదాను మారుస్తుంది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1993లో వేరే దారి పట్టింది. అండం ఇచ్చినామె, కన్నామె ఇద్దరూ తల్లి అనిపించుకోదగినవాళ్లే అయినప్పుడు, బిడ్డను పెంచుకోవాలన్న ఉద్దేశంతో ఈ పని మొదలుపెట్టింది ఎవరో వాళ్లే తల్లి అంది. మొదటి పద్ధతి ఆమెకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది, ఎదురుచూసేవాళ్లకు టెన్షన్ మిగులుస్తుంది. రెండోది బిడ్డ పుట్టేసరికి తల్లిదండ్రులెవరో తేల్చేస్తుంది, ఆమెకు వెనక్కి తగ్గే దారి మూసేస్తుంది. నేను బ్రిటన్ పద్ధతి వైపే మొగ్గుతాను. ఆ ఆరు వారాలు ఎవరికీ పెద్ద నష్టం కాదు.

రెండోది ఇంకా దారుణం. 2008లో జపాన్ దంపతుల కోసం గుజరాత్‌లో ఒక పాప పుట్టింది. పుట్టకముందే వాళ్లు విడాకులు తీసుకున్నారు. అండం ఎవరో దాతది. పాప వద్దంది భార్య. కావాలన్న తండ్రికేమో ఒంటరి మగవాడు ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ముగ్గురు తల్లులుండాల్సిన పాపకు కాగితాల్లో ఒక్క తల్లీ లేకుండా పోయింది. చివరికి నాయనమ్మ వచ్చి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, గుర్తింపు పత్రం సంపాదించి తీసుకెళ్లింది.

2014లో థాయ్‌లాండ్ నుంచి వచ్చిన వార్త లోకమంతా చూసింది. ఆస్ట్రేలియా దంపతుల కోసం పుట్టిన కవలల్లో పాప వాళ్లతో వెళ్లింది, డౌన్ సిండ్రోమ్ (ఎదుగుదలను దెబ్బతీసే, పుట్టుకతో వచ్చే జన్యు సమస్య) ఉన్న బాబు మోసిన తల్లి దగ్గర ఉండిపోయాడు. వాళ్లు బాబును వదిలేయలేదని 2016లో ఆస్ట్రేలియా కోర్టు తేల్చింది. కానీ అప్పటికే, 2015లో, థాయ్‌లాండ్ విదేశీయులకు సరోగసీ ఆపేసింది. నిజం ఏదైనా, ఆ బాబును పెంచే బాధ్యత ఎవరి మీద పడిందో చూడండి: వద్దనే వీలు అందరికంటే తక్కువగా ఉన్న మనిషి మీద.

ఏ దేశంలో ఏం చట్టం ఉంది?

పట్టిక వేస్తే ఏడాది తిరిగేసరికి పాతబడుతుంది, కాబట్టి పోకడలు చెబుతాను. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ సరోగసీని నిషేధించాయి. ఇటలీ 2024లో ఇంకో అడుగు వేసి, తమ పౌరులు విదేశాలకు వెళ్లి చేయించుకున్నా నేరమే అంది. బ్రిటన్, గ్రీస్ లాభాపేక్ష లేని పద్ధతిని నియమాలతో అనుమతించాయి. ఇజ్రాయెల్‌లో 1996 నుంచి ప్రతి ఒప్పందాన్నీ ప్రభుత్వ కమిటీ పరిశీలిస్తుంది. అమెరికాలో రాష్ట్రానికో తీరు.

భారతదేశం ఒకప్పుడు విదేశీయులు వరస కట్టిన చోటు. 2021లో వచ్చిన చట్టం డబ్బు తీసుకునే సరోగసీని నిషేధించింది. వైద్య ఖర్చులు, 36 నెలల బీమా మాత్రమే ఇవ్వాలి. మోసే స్త్రీకి 25–35 ఏళ్ల వయసుండాలి, పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఈ పని చేయాలి. ఆమె అండం వాడకూడదు. ఆమె రాతపూర్వక అంగీకారం లేకుండా అబార్షన్ చేయకూడదు. పుట్టిన బిడ్డను ఏ కారణంతోనూ వదిలేయకూడదు. ఈ చివరి రెండూ చాలా మంచి నిబంధనలు. ఎవరికి సరోగసీ దొరుకుతుందన్న దగ్గర మాత్రం చట్టం ఇరుకుగా ఉంది. పెళ్లయిన దంపతులు, 35–45 ఏళ్ల వితంతువులు, విడాకులు తీసుకున్న స్త్రీలు అర్హులు. పెళ్లి చేసుకోని స్త్రీకి లేదు, ఒంటరి పురుషుడికి లేదు, స్వలింగ జంటలకు లేదు. గర్భాశయం లేని స్త్రీ పెళ్లి చేసుకుంటే చికిత్సకు అర్హురాలు, చేసుకోకపోతే కాదనడంలో బిడ్డ మేలు ఎక్కడుందో నాకు కనబడలేదు.

నిషేధిస్తే సమస్య తీరుతుంది కదా?

ఒకచోట తలుపు మూస్తే ఇంకోచోట తెరుచుకుంటోంది. భారత్ విదేశీయులకు దారులు బిగించాక ఏజెన్సీలు థాయ్‌లాండ్, నేపాల్ వైపు నడిచాయి. ఆ రెండూ 2015లో ఆపేశాక కంబోడియాకు. 2016లో కంబోడియా నిషేధించింది. 2018లో అక్కడి పోలీసులు గర్భంతో ఉన్న ముప్పైమందికి పైగా సరోగేట్ తల్లులను పట్టుకుని మనుషుల అక్రమ రవాణా కేసు పెట్టారు. పుట్టిన పిల్లల్ని తామే పెంచుతామని ఒప్పుకున్నాకే వదిలారు. చట్టం కాపాడతానన్నది ఎవర్ని, శిక్షించింది ఎవర్ని?

పైచేయి ఉన్నవాళ్లు విమానం ఎక్కి వెళ్లిపోతారు. 2020లో కరోనాతో సరిహద్దులు మూసుకున్నప్పుడు ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో ఒక హోటల్లో పదుల సంఖ్యలో పసిపిల్లలు, రావాల్సిన తల్లిదండ్రులు రాలేక, వరస మంచాల్లో ఉండిపోయారు. దేశాలు దాటే సరోగసీలో బిడ్డ పౌరసత్వం తేలకపోవడం ఇప్పటికీ ఉన్న పెద్ద చిక్కు. విదేశం వెళ్లాలనుకునేవాళ్లు తమ దేశం ఆ బిడ్డను ఒప్పుకుంటుందా అని ముందే లాయరుతో రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. అది తేలకుండా బయల్దేరడం, పుట్టబోయే బిడ్డ నెత్తిన సమస్యను పెట్టడమే.

అండదానం చిన్న పనే అంటారు. నిజమేనా?

వీర్యదానంతో పోల్చి ‘రెండూ దానాలే’ అనడం తప్పుడు లెక్క. అండదాతకు రోజుల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు, స్కాన్‌లు, చివర్లో మత్తిచ్చి సూదితో అండాలు తీయడం ఉంటాయి. కొద్దిమందికి అండాశయాలు బాగా వాచి, కడుపులో నీరు చేరి, ఆస్పత్రిలో ఉండాల్సి వస్తుంది. ఎక్కువ అండాలు రావాలని మోతాదు పెంచేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. ఆ పెంచడం వల్ల లాభం ఆమెకు కాదు. అందుకే ఆమెను చూసే డాక్టరు, అండం తీసుకునేవాళ్లను చూసే డాక్టరు ఒకరే అయితే నేను అనుమానంగా చూస్తాను. భారతదేశపు 2021 ఏఆర్‌టీ చట్టం ఒక దాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలని, ఏడు అండాలకు మించి తీయకూడదని పెట్టింది. కఠినమే. కానీ ఆలోచన వెళ్లిన దిక్కు సరైనది.

దాత ఎవరో బిడ్డకు తెలియాలా?

తెలుసుకునే దారి ఉండాలి. దాతకు గోప్యత మాట ఇచ్చాం కదా అంటారు. ఆ మాట ఇచ్చిపుచ్చుకున్నది పెద్దవాళ్లు, దాని ఫలితం అనుభవించేది ఆ గదిలో లేని మనిషి. స్వీడన్ 1985లోనే దాతల అజ్ఞాతాన్ని తీసేసింది. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ తర్వాత దాతలైనవాళ్ల వివరాలు బిడ్డకు 18 ఏళ్లు రాగానే అడిగి తెలుసుకోవచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2017లో పాత దాతల రికార్డులు కూడా తెరిచింది. నాకు ఆ చివరిది కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం అది. అయినా ఇప్పుడు ఇంటికి తెప్పించుకునే డీఎన్‌ఏ టెస్టులు వచ్చాక అజ్ఞాతం అన్నది ఏ క్లినిక్కూ నిలబెట్టలేని హామీ. దాతకు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒక దాత నుంచి ఎంతమంది అన్నదీ ముఖ్యమే. 2023లో నెదర్లాండ్స్‌లోని హేగ్ కోర్టు, 550 మందికి పైగా పిల్లలకు కారణమైన ఒక వీర్యదాతను ఇక ఆపమని ఆదేశించింది. అక్కడి మార్గదర్శకాల్లో పరిమితి 25. వందల మంది తోబుట్టువులున్న మనిషి, తెలియకుండా తన తోబుట్టువునే ప్రేమిస్తానేమో అన్న భయంతో బతకాలి. దాతలో వంశపారంపర్య జబ్బు ఒకటి బయటపడితే అది వాళ్లలో చాలామందికి వచ్చి ఉండొచ్చు.

మిగిలిపోయిన పిండాలను ఏం చేయాలి?

నాలుగు దారులు: మళ్లీ వాడుకోవడం, మరో జంటకు ఇవ్వడం, పరిశోధనకు ఇవ్వడం, కరిగించి వదిలేయడం. ఏది సరైనదన్నది పిండాన్ని మీరు ఏమనుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది. 1984లో బ్రిటన్‌లో మేరీ వార్నాక్ కమిటీ మధ్యేమార్గం చెప్పింది: పిండం పూర్తి మనిషి కాదు, ఉత్త కణాల ముద్దా కాదు, గౌరవం ఉండాలి, పరిశోధనకు 14 రోజులు దాటకూడదు. వెన్నెముకకు, నాడీ వ్యవస్థకు మొదటి గీత పడేది అప్పుడే. 1990లో అది చట్టమైంది, చాలా దేశాలు అదే గీతను పట్టుకున్నాయి.

మరో కొసకు వెళ్తే ఏమవుతుందో 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని అలబామా చూపించింది. ఒక క్లినిక్‌లో ఫ్రీజ్ చేసిన పిండాలు కిందపడి పాడైన కేసులో, అవి చట్టం దృష్టిలో పిల్లలే అని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వెంటనే కొన్ని క్లినిక్‌లు భయపడి ఐవీఎఫ్ ఆపేశాయి, మధ్యలో ఉన్న చికిత్సలు నిలిచిపోయాయి. వారాల్లోనే శాసనసభ క్లినిక్‌లకు రక్షణగా కొత్త చట్టం చేయాల్సి వచ్చింది.

దంపతులకు నేను చెప్పేది ఒక్కటే. విడిపోతే, ఒకరు చనిపోతే ఆ పిండాలు ఏమవ్వాలో ఫ్రీజ్ చేసే రోజునే రాసిపెట్టండి. అప్పుడు ఆ మాట అశుభంలా అనిపిస్తుంది. తర్వాత కోర్టులో ఇంకా చేదుగా ఉంటుంది.

పిండాన్ని పరీక్షించి ఎంచుకోవచ్చా?

పసితనంలోనే ప్రాణం తీసే జన్యు జబ్బు లేని పిండాన్ని ఎంచుకోవడం నాకు తప్పనిపించదు. ఆడపిల్ల వద్దని ఎంచుకోవడం తప్పు. భారతదేశంలో అది నేరం కూడా. ఎత్తు, తెలివితేటలు అంటూ అమ్మే టెస్టులు మాత్రం ముందు సైన్స్ దగ్గరే తేలిపోతాయి, నీతి దాకా రానక్కర్లేదు.

జన్యువులను మార్చడం వేరే సంగతి. 2018 నవంబరులో చైనా శాస్త్రవేత్త హ జియాంకుయ్ హెచ్‌ఐవీ సోకకుండా జన్యువు మార్చిన కవలలు పుట్టారని ప్రకటించాడు. అప్పటికి ఆ పద్ధతి భద్రత తేలలేదు. 2019 చివర్లో అతనికి మూడేళ్ల జైలు పడింది. దీనికి పక్కన బ్రిటన్ దారి పెట్టి చూడండి. మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జబ్బులను తప్పించడానికి మరో స్త్రీ అండంలోని భాగం వాడే పద్ధతిని ఏళ్ల తరబడి చర్చించి, 2015లో పార్లమెంటు అనుమతించింది. అలా ఎనిమిదిమంది పిల్లలు పుట్టారని 2025లో ప్రకటించారు.

మతాలు ఏమంటున్నాయి?

కేథలిక్ చర్చి 1987 నాటి పత్రంలోనే ఐవీఎఫ్‌నూ సరోగసీనీ తప్పు అంది. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ సరోగసీని లోకమంతా నిషేధించాలని కోరారు. సున్నీ పండితులు ఎక్కువమంది భార్యాభర్తల మధ్య ఐవీఎఫ్‌ను ఒప్పుకుంటారు, మూడో మనిషి అండాన్ని, వీర్యాన్ని, గర్భాన్ని ఒప్పుకోరు. ఇరాన్‌లో షియా పండితులు కొందరు దాతలను అనుమతించారు. హిందువుల్లో ‘ఇదే తీర్పు’ అని చెప్పే ఒక పీఠం లేదు. దేవకి గర్భం రోహిణికి మారిన బలరాముడి కథను చాలామంది ఉదాహరణగా చెబుతారు. నా కొలబద్ద ప్రకారమైతే అక్కడ మొదటి ప్రశ్న, రోహిణిని ఎవరైనా అడిగారా అని.

క్లినిక్‌లు చెప్పే సక్సెస్ రేటును నమ్మొచ్చా?

దేని మీద శాతమో అడిగాకే. గర్భ పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లా, బిడ్డను ఇంటికి తీసుకెళ్లినవాళ్లా? ఏ వయసువాళ్లు? బ్రిటన్ 2019 లెక్కల్లో, సొంత అండంతో పెట్టిన ఒక్కో పిండానికి బిడ్డ పుట్టే అవకాశం 35 ఏళ్ల లోపువాళ్లలో 32 శాతం, 43, ఆపైన వయసువాళ్లలో 5 శాతం లోపు. ఈ రెండు అంకెలను కలిపేసి బోర్డు మీద ఒకే పెద్ద అంకె వేయడం అబద్ధంతో సమానం. ఆశ ఉన్నవాళ్లు బేరమాడరని తెలిసి, పనిచేస్తాయని రుజువు లేని అదనపు చికిత్సలు అంటగట్టడం కూడా ఈ రంగంలో మామూలైపోయింది. బ్రిటన్ నియంత్రణ సంస్థ అలాంటివాటికి రంగులతో రేటింగ్ ఇస్తోంది. వయసు దాటిన జంటకు ‘ఇక ఆపుదాం’ అని చెప్పే డాక్టరు దొరికితే అదృష్టం.

బిడ్డకు చెప్పాలా? ఎప్పుడు?

చెప్పాలి, చిన్నప్పుడే. కేంబ్రిడ్జ్‌లో సూసన్ గోలంబాక్ బృందం సరోగసీతో, దాతల సాయంతో ఏర్పడిన కుటుంబాలను పిల్లలకు 20 ఏళ్లు వచ్చేదాకా గమనించింది. పిల్లల మానసిక స్థితిలో, తల్లితో అనుబంధంలో మామూలు కుటుంబాలతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదని 2023లో ప్రచురించింది. ఏడేళ్లలోపే తమ పుట్టుక గురించి విన్నవాళ్లు తల్లితో ఇంకా దగ్గరగా ఉన్నారు. ‘మా కడుపులో నువ్వు ఉండే చోటు సరిగా లేదు, ఒక ఆంటీ సాయం చేసింది’ అంటే నాలుగేళ్ల బిడ్డకు చాలు. పెళ్లి సమయంలో చుట్టాల నోట వినడం కంటే ఎన్నో రెట్లు మేలు.

సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలి?

న్యూయార్క్ రాష్ట్రం 2021లో అమలు చేసిన చట్టం నాకు మంచి నమూనాగా కనిపిస్తుంది. మోసే స్త్రీకి సొంత లాయరు ఉండాలి, ఆ ఫీజు తల్లిదండ్రులు కాబోయేవాళ్లు కట్టాలి, ఆరోగ్య బీమా, జీవిత బీమా వాళ్లే తీసుకోవాలి, గర్భం గురించి నిర్ణయాలు ఆమెవే. మీ చట్టం ఇవి అడగకపోయినా మీరు పెట్టుకోవచ్చు. కాన్పు తర్వాత వచ్చే సమస్యల ఖర్చు ఎన్ని నెలలు మీది, ఆమెకు కౌన్సెలింగ్ ఎవరు ఇస్తారు, కాన్పయ్యాక ఆమె బిడ్డను చూడాలనుకుంటే ఏం చేస్తారు అన్నవి విడిగా రాయించండి. ఆమెతో ఒక్కసారైనా, ఏజెన్సీవాళ్లు, ఆమె భర్త, ఆమె అత్తగారు గదిలో లేకుండా, ఆమె భాషలో మాట్లాడే కౌన్సెలర్‌ను కూర్చోబెట్టండి. ఆ గదిలోంచి వచ్చి ‘ఆలోచించుకుంటాను’ అంటే, కారణం అడగకుండా, అప్పటిదాకా ఇచ్చిన ఖర్చు తిరిగి అడగకుండా ఆమెను వెళ్లనివ్వాలని కూడా ఆ ఒప్పందంలోనే రాయించండి.